కణం సిగ్నల్‌కి మనవాడి కరెంటు

మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు యల్లాప్రగడ సుబ్బారావు. పుట్టింది 1895లో, భీమవరంలో. మద్రాసులో వైద్యం చదివి హార్వర్డ్ వెళ్లారు. అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి, ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరంలో 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ దొరికాయి. అదే ఏడాది జర్మనీలో లోమన్‌కీ ఏటీపీ దొరికింది.

ఏటీపీ అంటే కణానికి కరెంటు అని ఇంటర్‌లో చదివాం. అంతే కాదండోయ్! హార్మోన్ తెచ్చిన కబురును కణంలోపలికి మోసే సైక్లిక్ ఏఎంపీ తయారయ్యేది దాన్నుంచే. కైనేజ్‌లు ప్రోటీన్లకు స్విచ్‌లా తగిలించే ఫాస్ఫేటూ దానిదే. ఈ రెండు సంగతులు తేల్చినవాళ్లకు 1971లో, 1992లో నోబెల్ వచ్చింది.

సుబ్బారావుకి హార్వర్డ్‌లో పర్మనెంట్ ఉద్యోగమే రాలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. అన్నను బలిగొన్న స్ప్రూ జబ్బుకి పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను ఆయన బృందం అక్కడే తయారుచేసింది. క్యాన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్, బోదకాలుకి వాడే డీఈసీ కూడా అక్కడివే. మన విశాఖలో ఇంటింటికీ పంచిన ఫైలేరియా మాత్ర ఆ డీఈసీయే.

1948లో, 53 ఏళ్లకే పోయారు. నోబెల్ రాకపోయినా, బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో ఆ ఫాస్ఫరస్ టెస్టు పేరు ఇప్పటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతే.