షోయబుల్లాఖాన్

గత శతాబ్దమున లోకమును తారుమారు చేసిన సంఘటన యేది యని యడిగినచో కొందరు ప్రపంచ మహాయుద్ధములను జెప్పుదురు. కొందరు జపానుపై బడిన అణుబాంబును జెప్పుదురు. ఓరుగల్లు సీమవారమగు మనకు మాత్రము 1948 సెప్టెంబరు 17వ తేదీకంటె గొప్పదినము వేఱొకటి లేదు. 1947 ఆగస్టు 15న దేశమెల్ల స్వాతంత్ర్యోత్సవములు జరుపుకొనుచుండగా, నిజాము నవాబు మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన 82,000 చదరపు మైళ్ల రాజ్యము భారతదేశమున జేరదని నిశ్చయించుకొని కూర్చుండెను. అందుచే స్వాతంత్ర్యము మన గడపకు పదమూడు నెలలు ఆలస్యముగ వచ్చెను. ఆ నడుమ ప్రాణములు గోల్పోయినవారు అనేకులు. వారిలో ఆయుధము పట్టక, కలము మాత్రమే పట్టి మడిసిన మన జిల్లా బిడ్డ షోయబుల్లాఖాన్.

ఆయన 1920 అక్టోబరు నెలలో మానుకోట తాలూకా సుబ్రవేడు గ్రామమున జన్మించెను. మానుకోట నాడు వరంగల్లు జిల్లాలోనిది. సర్కారు కాగితములలో దానినే మహబూబాబాదని వ్రాయుదురు. తండ్రి హబీబుల్లాఖాన్ రైల్వే పోలీసు శాఖలో ఉద్యోగి. మహాత్మునియందు ఆయనకు మిక్కిలి గౌరవము; కుమారుని ముద్దుగా షోయబుల్లా గాంధీ యని పిలుచుచుండెడివాడని చెప్పుదురు. నిజాము కొలువులో నున్నవాడు కన్నకొడుకు నట్టి పేరున పిలుచుట ఆ దినములలో చిన్న సాహసము కాదు.

షోయబుల్లా హైదరాబాదునందలి ఉస్మానియా విశ్వవిద్యాలయమున బి. ఏ. పట్టము పొందెను. అచ్చట శాస్త్రములుకూడ ఉర్దూ భాషలోనే బోధింపబడుచుండెను. ఆ భాషలో పట్టభద్రుడైన ముస్లిం యువకునకు సర్కారు నౌకరీ దుర్లభము కాదు. తహశీలు కచేరీలోనో, పోలీసు శాఖలోనో చేరియుండినచో సుఖముగ పింఛను పుచ్చుకొనునంతవఱకు బ్రతికియుండును. ఆయన ఆ త్రోవ త్రొక్కక స్వల్ప వేతనమునకు తేజ్ అను ఉర్దూ పత్రికలో జేరెను. ఆ పత్రికను ప్రభుత్వము నిషేధించెను. పిమ్మట మందుముల నరసింగరావుగారి రయ్యత్ పత్రికలో సహాయ సంపాదకుడయ్యెను. దానికిని ఆ గతియే పట్టెను. రెండు పత్రికలు తన కన్నుల యెదుట మూతపడిన పిదప కూడ ఆయన మూడవదానికి పూనుకొనెను. బూర్గుల రామకృష్ణారావుగారు మొదలగువారు తోడ్పడిరి. 1947 నవంబరు 15న కాచిగూడ నుండి ఇమ్రోజ్ అను దినపత్రిక వెలువడెను. ఇమ్రోజ్ అనగా నేడు అని యర్థము.

విద్యార్థులారా, ఇచ్చట కొంచెము నిలిచి యోచింపుడు. రజాకారుల దౌష్ట్యములను గూర్చి తెలుగు పల్లెలకు ఏ పత్రికయు తెలుపనక్కఱలేదు. మన పరకాలలోనే 1947 సెప్టెంబరు 2న త్రివర్ణ పతాక మెగురవేయ వచ్చిన జనముపై తుపాకులు ప్రేలి పలువురు నేలకూలిరి. కాని నగరమునందలి అధికారులు, గుమాస్తాలు, నవాబులు చదువునది ఉర్దూ. లాతూరు వకీలు కాశిం రజ్వీ వారికి నూరిపోయుచుండినది ఒక్కటే: భారతదేశమున జేరుట ఇస్లామునకు ద్రోహమని. ఆ మాట అబద్ధమని ఒక ముస్లిం, ఆ చదువరులకే, ఆ భాషలోనే ప్రతిదినము చెప్పుచుండెను. రాజ్యప్రజలలో నూటికి ఎనుబదిమందికి పైగా హిందువులని, వారి యిష్టమునకు విరుద్ధముగ నిలిచిన సింహాసనము నిలువదని, రజాకారుల దోపిళ్లు ముస్లిములకే తుదకు ముప్పు తెచ్చునని ఆయన వాదించెను. పరులు దిట్టినచో రజ్వీ లక్ష్యపెట్టెడివాడు కాడు. ఈ యింటివాని మాటయే అతనికి ములుకై నాటెను. బెదిరింపు లుత్తరములు వచ్చినను ఇమ్రోజ్ ఆగలేదు.

1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు రజాకారు దళమును రద్దుచేసి భారత యూనియనులో జేరుమని నిజామును కోరుచు ప్రకటన చేసిరి. షోయబుల్లా దానిని ప్రచురించెను. ఆ నెల 19న నగరమున జరిగిన సభలో, ముస్లిం ఐక్యమునకు అడ్డుగ లేచు చేతులను నఱుకవలయునని రజ్వీ పలికెను. రెండు దినములు గడచెను. 21వ తేదీ రాత్రి పత్రిక పని ముగించుకొని షోయబుల్లా తన బావమఱది ఇస్మాయిల్ ఖానుతో ఇంటికి నడచి పోవుచుండగా దుండగులు వెనుకనుండి వచ్చి తుపాకితో కాల్చి, పడిన వాని చేతిని కత్తితో నఱికిరి. అడ్డుపడిన ఇస్మాయిల్ ఖాను చేయియు తెగెను, ఆయన బ్రతికెను. షోయబుల్లా తెల్లవాఱునప్పటికి కన్నుమూసెను. అప్పటికి ఆయనకు ఇరువది యెనిమిదేండ్లు నిండలేదు. భార్య నిండుచూలాలు. పత్రికకు తొమ్మిది నెలలు.

తరువాత ఇరువదియాఱు దినములకు ఆయన కోరినది జరిగెను. సెప్టెంబరు 13న భారతసైన్యము సరిహద్దు దాటగా, 17న నిజాము కాల్పుల విరమణ ప్రకటించెను. రజ్వీ చెఱసాలలో నుండి 1957లో విడుదలై పాకిస్థానమునకు వెడలిపోయెను.

ఆ సెప్టెంబరు తరువాతి కథ కూడ కొంత గలదు. పాఠ్యపుస్తకములు దానిని త్వరగ దాటిపోవును. సైనికచర్య జరిగిన దినములలోను, తరువాతి దినములలోను, ముఖ్యముగ మరాఠీ, కన్నడ జిల్లాలలో, రజాకారులతో నే సంబంధమును లేని ముస్లిములు వేలకొలది హతులైరి. ప్రధాని నెహ్రూ పంపిన పండిత సుందర్‌లాల్ సంఘము ఆ సంఖ్యను 27,000 మొదలు 40,000 వఱకు అంచనా వేసెను. ఆ నివేదిక పెక్కేండ్లు ప్రజలకు అందలేదు. షోయబుల్లా జీవించియుండినచో దానిని ఏ పుటలో ప్రచురించియుండునో ఊహించుట కష్టము కాదు; రజాకారుల విషయమున దాచనివాడు ఈ విషయమున దాచియుండునా? ఆయన దేహము హైదరాబాదు గోషామహలునందలి శ్మశానమున నున్నది.