ఆకాశానికి చిట్టా రాసిన డెన్నింగ్

ఈ ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం గురించి రాయమని సంపాదకవర్గం వారు నన్ను కోరారు. అకౌంట్స్ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక నా వృత్తికి చెందినవారినే ఎంచుకున్నాను. ఆయన విలియం ఫ్రెడరిక్ డెన్నింగ్. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో పొట్టకూటికి జమాఖర్చులు చూస్తూ, రాత్రిళ్లు ఇంటి పెరట్లో నిలబడి ఆకాశానికి చిట్టా రాసిన మనిషి.

డెన్నింగ్ 1848 నవంబరు 25న సోమర్సెట్ ప్రాంతంలో జన్మించారు. విశ్వవిద్యాలయంలో చదవలేదు. ఏ వేధశాలలోనూ ఉద్యోగం చేయలేదు. పది అంగుళాల అద్దం గల దుర్భిణి ఒకటి సంపాదించి, దానితో గురుగ్రహం మీది ఎర్రమచ్చను, శనిగ్రహం మీది తెల్లమచ్చలను ఏళ్ల తరబడి పరిశీలించారు. 1881 నుండి 1894 వరకు అయిదు తోకచుక్కలు కనిపెట్టారు.

ఆయనకు ఎక్కువ పేరు తెచ్చినవి మాత్రం ఉల్కలు. మనం చుక్క రాలింది అనుకుని ఊరుకుంటాము. ఆయన గడియారం చూసి వేళ, వెలుగు, నక్షత్రాల మధ్య ఎక్కడ మొదలై ఎక్కడ ఆరిపోయిందో నమోదు చేసేవారు. ఒక ఉల్కల గుంపు దారులన్నీ వెనక్కి గీస్తే ఒకేచోట కలుస్తాయి. దానిని ఉద్భవస్థానం అందాము. 1899లో ఆయన ప్రకటించిన పట్టికలో ఇటువంటి స్థానాలు 4,367 ఉన్నాయి. అంతకు ముందటి ఏడాదే, 1898లో, రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనకు స్వర్ణపతకం ఇచ్చింది. అదే ఏడాది పుస్తకంగా వచ్చిన ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ నవలలో హెచ్.జి. వెల్స్ ఆయన పేరును ప్రస్తావించారు.

ఇక చిక్కు విషయానికి వస్తాను. కొన్ని ఉద్భవస్థానాలు నెలల తరబడి కదలకుండా ఒకేచోట ఉంటాయని డెన్నింగ్ నమ్మారు. వానలో స్కూటరు నడిపేవారికి చినుకులు ఎదుటి నుండి వచ్చినట్లు తోస్తుంది. బండి మలుపు తిరిగితే ఆ దిక్కూ మారుతుంది. భూమి కూడా సూర్యుని చుట్టూ సెకనుకు దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతూ దిశ మార్చుకుంటూ ఉంటుంది. అటువంటప్పుడు ఉద్భవస్థానం కదలకుండా ఎలా ఉంటుంది? ఆగస్టు నెలలో వచ్చే పెర్సీడ్ ఉల్కల ఉద్భవస్థానం రోజురోజుకూ జరుగుతుందని స్వయంగా చూపినది కూడా డెన్నింగే! అయినా దశాబ్దాల పాటు తన వాదం విడిచిపెట్టలేదు. వేర్వేరు రాత్రుల ఉల్కలను ఒకే గుంపుగా లెక్కించడమే ఇందులోని లోపమని అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ ఆలివియర్ వాదించారు. చివరకు శాస్త్రలోకం ఆయనతోనే ఏకీభవించింది.

మన భాషలో చెప్పాలంటే, వోచర్లు నిజమైనవే. పద్దుల విభజనలో తప్పు దొర్లింది. ఇటువంటప్పుడు ఏ ఆడిటరూ వోచర్లను చించివేయడు. డెన్నింగ్ విషయంలోనూ సిద్ధాంతం పోయింది, నమోదులు నిలిచాయి. ఆయన 1881లో కనిపెట్టిన తోకచుక్క ఆ తరువాత జాడ తెలియకుండా పోయింది. 97 ఏళ్ల తరువాత, 1978లో, జపాన్‌కు చెందిన ఫుజికావా అనే మరొక అభిమాని కంటబడింది. నేడు దానికి ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

పేరు వచ్చినా డబ్బు రాలేదు. 1904లో బ్రిటిష్ ప్రభుత్వం ఏటా 150 పౌన్ల పింఛను మంజూరు చేసింది. పింఛను విలువ మనకు వేరే చెప్పనక్కరలేదు. చలి రాత్రుల వల్ల ఆరోగ్యం దెబ్బతిని దుర్భిణి పని మానుకున్నారు గాని, ఆకాశం చూడడం మానలేదు. 1920 ఆగస్టు 20న, తన 71వ ఏట, హంసమండలంలో కొత్తగా వెలిగిన నక్షత్రాన్ని కంటితోనే గుర్తుపట్టారు. 1927లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం గౌరవ పట్టం ఇచ్చింది. 1931 జూన్ 9న కన్నుమూశారు. చంద్రుని మీద, కుజుని మీద ఒక్కొక్క బిలానికి ఆయన పేరు పెట్టారు.

పదవి దిగిన తరువాత మనం రాసిన ఫైళ్లు ఏమయ్యాయోనని దిగులుపడే మిత్రులు మనలో ఉన్నారు. వారికి డెన్నింగ్ జీవితం ధైర్యం చెబుతుందని నా నమ్మకం. మన అభిప్రాయాలు నిలవకపోవచ్చు. సరిగా రాసిన పద్దు మాత్రం ఎవరికో ఒకరికి ఎప్పటికైనా అక్కరకొస్తుంది.

డిసెంబరు 13, 14 తేదీల రాత్రి మిథునరాశి ఉల్కలు రాలుతాయి. దుర్భిణి అవసరం లేదు. మఫ్లరు చుట్టుకుని, వీధి దీపాల వెలుగు తగలని చోట మేడమీద పడక కుర్చీ వేసుకుంటే చాలు. పక్కన కాగితం, పెన్సిలు ఉంచుకోవడం మరువకండి.