పేదవాడి ఇంటికీ ప్లాను గీసిన లారీ బేకర్



మీరు సొంత ఇల్లు కట్టుకుని ఉంటే, సిమెంటు, ఇనుము రేట్లతో ఎన్ని రాత్రులు కుస్తీ పట్టారో మీకే తెలుసు. ఆ లెక్కల్లో ఆర్కిటెక్టు ఫీజు అదనపు బరువులాగే కనిపిస్తుంది. మరి రెండు గదుల ఇంటికే అప్పు చేసే కుటుంబం సలహా కోసం ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ఈ ప్రశ్నకు జవాబు వెతకడంలోనే జీవితం గడిపిన లారీ బేకర్ కథ ఈ నెల మీ కోసం. చదివి, మీ పిల్లలకూ చెప్పండి.

బేకర్ 1917 మార్చి 2న ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పుట్టారు. అక్కడే ఆర్కిటెక్చర్ చదివారు. యుద్ధాన్ని వ్యతిరేకించే క్వేకర్ మతశాఖకు చెందినవారు కాబట్టి, రెండో ప్రపంచ యుద్ధంలో తుపాకి పట్టకుండా అంబులెన్స్ దళంలో చేరి, చైనాలో రోగులకు సేవ చేశారు. తిరుగు ప్రయాణంలో ఓడ కోసం బొంబాయిలో ఆగినప్పుడు గాంధీజీని కలిశారు. ఇంటికి కావలసిన వస్తువులు చుట్టుపక్కల ఐదు మైళ్ళలోపే దొరకాలన్న గాంధీజీ ఆలోచన ఆయన మనసులో నాటుకుపోయింది.

1945లో మళ్ళీ మన దేశానికి వచ్చారు. కుష్ఠురోగుల ఆశ్రమాలను ఆసుపత్రులుగా మార్చడం ఆయన పని. హైదరాబాద్‌లో డాక్టరుగా పనిచేసిన ఎలిజబెత్ జాకబ్‌ను 1948లో వివాహం చేసుకున్నారు. దంపతులిద్దరూ హిమాలయాల్లోని పిథోరాగఢ్‌లో సుమారు 16 ఏళ్ళు ఉన్నారు. ఆమె వైద్యం చేస్తే, ఆయన ఆసుపత్రి కట్టారు. అక్కడి పల్లెవాసులు రాయి, మట్టి, కలపతో కట్టుకున్న ఇళ్ళు ఆయనకు రెండో కాలేజీ అయ్యాయి. 1963లో కేరళకు, తర్వాత తిరువనంతపురానికి మారారు.

ప్రతి ఖర్చుకూ ముందు ‘ఇది అవసరమా’ అని ఆలోచించడం ఆయన పద్ధతి. ఇటుకలను పడుకోబెట్టకుండా నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి గోడ కడితే ఇటుకల్లో దాదాపు నాలుగో వంతు మిగులుతుంది. ఆ ఖాళీ వల్ల ఎండ వేడి కూడా లోపలికి తక్కువగా వస్తుంది. స్లాబ్‌లో కింది భాగపు కాంక్రీటు పెద్దగా బరువు మోయదు. అక్కడ పాత మంగుళూరు పెంకులు పెడితే సిమెంటు ఆదా. అన్నిచోట్లా కిటికీలు ఎందుకు? ఇటుకల మధ్య సందులు వదిలి జాలీ కడితే గాలి, వెలుతురు వస్తాయి. ఇలాంటి గోడలకు మేస్త్రి పనితనం ఎక్కువ కావాలి. అయినా ఫరవాలేదనేది ఆయన ఉద్దేశం. ఫ్యాక్టరీకి పోయే డబ్బు ఊరి కూలీల చేతికి వస్తుంది కదా!

తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ భవనాలు ఈ పద్ధతికి పేరు తెచ్చాయి. కానీ ఒక్క మనిషి ఎన్ని ఇళ్ళు కట్టగలడు? అందుకే 1985లో మాజీ ముఖ్యమంత్రి సి. అచ్యుత మేనన్, ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్, టి.ఆర్. చంద్రదత్‌లతో కలిసి త్రిశూర్‌లో ‘కాస్ట్‌ఫోర్డ్’ అనే లాభాపేక్షలేని సంస్థను ప్రారంభించారు. తక్కువ ఆదాయం ఉన్నవారికి ఇళ్ళ డిజైన్లు ఇవ్వడం, దగ్గరుండి కట్టించడం, మేస్త్రీలకు శిక్షణ ఇవ్వడం దాని పని. తిరువనంతపురం నడిబొడ్డున ఉన్న చెంగల్‌చూల మురికివాడ కుటుంబాలకు కూడా ఈ సంస్థ ఇళ్ళు కట్టింది. ఖర్చు తగ్గించే ఉపాయాలను బేకర్ తన చేత్తోనే బొమ్మలు గీసి, చిన్న పుస్తకాలుగా అందరికీ అందించారు.

ప్లాస్టరింగ్ లేని గోడను చూసి ‘ఇల్లు సగంలో ఆగిపోయిందా?’ అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. బేకర్ మాత్రం తను ఉండే ఇంటినీ అలాగే కట్టుకున్నారు. పేదవాడికి ఒక నాణ్యత, తనకు ఒక నాణ్యత అని ఆయన తేడా చూపలేదు. 1990లో పద్మశ్రీ అందుకున్న ఆయన, 2007 ఏప్రిల్ 1న 90 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. కాస్ట్‌ఫోర్డ్ పని మాత్రం ఆగలేదు.

ఈ ఆదివారం మీ పిల్లలతో కలిసి ఇల్లంతా ఒకసారి తిరగండి. సాయంత్రం ఎండ ఏ గోడకు తగులుతోంది? ఏ కిటికీ తెరిస్తే గాలి వస్తోంది? పగలు కూడా లైటు వేయాల్సిన గది ఏది? ఎందుకు? జవాబులను ఒక కాగితం మీద బొమ్మగా గీయమనండి. చదువుకున్న చదువు ఎవరికి ఉపయోగపడాలన్న మాట కూడా ఆ కాగితం ముందు కూర్చునే మాట్లాడుకోవచ్చు.