బెవరిడ్జి ప్రభువు - నిరుద్యోగ సమస్య

ఉద్యోగము పురుషలక్షణమని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాటలో ఉద్యోగమనగా కొలువు గాదు, ప్రయత్నము. ప్రయత్నము చేయని సోమరిని లోకము నిందించుట న్యాయమే. కాని ఒంట బలముండియు, చేత పనితనముండియు, తెల్లవారినది మొదలు వాకిలి వాకిలి తిరిగి, ప్రొద్దు గ్రుంకునప్పటికి వట్టిచేతులతో ఇల్లు చేరువాని మాట యేమి? దోషము వానియందున్నదా, వానికి పని చూపలేని సంఘమునందున్నదా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో అరువది యేండ్లు గడపిన విలియం బెవరిడ్జి పేరు మనలో చదువుకొన్నవారు వినియే యుందురు. ఆతని జీవితము మన దేశముననే ఆరంభమైనదన్న సంగతి మాత్రము పలువు రెరుగరు.

బెవరిడ్జి 1879వ సంవత్సరము మార్చి 5వ తేదీన వంగదేశమందలి రంగపురమున జన్మించెను. తండ్రి హెన్రీ బెవరిడ్జి సివిలు సర్వీసుకు చెందిన న్యాయాధిపతి; పారసీక భాషాపండితుడు; అక్బరు చరిత్రమును ఆంగ్లీకరించినవాడు. తల్లి అనెట్ 1872లో కలకత్తాకు వచ్చి హిందూ బాలికలకు పాఠశాల స్థాపించిన విదుషి. తరువాతి కాలమున బాబరు స్వీయచరిత్రమును ఆంగ్లమునకు పరివర్తించినది. దంపతు లిరువురు పండితులే గాని రాజకీయములందు ఏకాభిప్రాయులు గారు. 1883లో దేశీయ న్యాయాధిపతులు తెల్లవారి నేరములను విచారింపవచ్చునన్న ఇల్బర్టు బిల్లు వచ్చినప్పుడు భర్త దానిని సమర్థించెను. భార్య పత్రికాముఖమున ప్రతిఘటించెను. జనకుని న్యాయబుద్ధియు, జనని పట్టుదలయు కుమారునకు సంక్రమించినవి. తల్లిదండ్రుల భారతదేశ జీవితమును గూర్చి ఆతడు రచించిన గ్రంథము, మనకు స్వాతంత్ర్యము వచ్చిన 1947వ సంవత్సరముననే వెలువడినది.

ఆక్స్‌ఫర్డు బేలియల్ కళాశాలలో విద్య ముగించిన బెవరిడ్జి న్యాయవాదియై ధనము గడించునని తల్లిదండ్రు లాశించిరి. కాని ఆ కళాశాలాధిపతి యెడ్వర్డు కెయిర్డు తన శిష్యులకు వేరొక కర్తవ్యమును బోధించుచుండెను. ఇంత ఐశ్వర్యము గల దేశమున ఇంత దారిద్ర్యమేల యుండవలయునో పోయి చూచి, దానిని కుదుర్చు మార్గమును కనుగొనుడని ఆయన యుపదేశము. ఆ మాట బెవరిడ్జి హృదయమున నాటుకొనెను. 1903లో ఆతడు న్యాయవాదవృత్తిని విడిచి లండను తూర్పు పేటలో, పేదల నడుమనున్న టాయిన్బీ హాలు అను సేవాసంస్థలో చేరెను.

ఆనాటి యింగ్లండులో పని లేనివాడు పాపి వంటివాడు. 1834 నాటి పేదల చట్టము ప్రకారము సర్కారు తిండి కోరువాడు పనిశాల యను కారాగారప్రాయమైన గృహమున చేరవలయును. అచ్చట భర్తను భార్యను విడదీసి యుంచెడివారు. అచ్చటి బ్రదుకు బయటి కడపటి కూలివాని బ్రదుకుకంటె హీనముగా నుండవలయుననుటయే ఆ చట్టము యొక్క సూత్రము. పేదరికము వ్యక్తి దోషమనియు, అవమానించినచో అది తొలగుననియు పాలకుల విశ్వాసము.

టాయిన్బీ హాలునకు సమీపముననే లండను ఓడరేవులు. ప్రతి యుదయమున రేవు ద్వారములకడ కూలీలు గుంపులుగా నిలిచెడివారు. మేస్త్రీ వచ్చి తనకు కావలసిన కొందరిని పిలుచుకొని పోవును, తక్కినవారు వెనుదిరుగుదురు. ఓడలు వచ్చిన దినమున అందరును కావలయును. రాని దినమున ఎవ్వరును అక్కరలేదు. వ్యాపారికి ఎప్పుడు వలసినను సిద్ధముగా నుండు కూలీలదండు అవసరము. కాని ఆ దండు పని లేని దినములందు ఏమి తినవలయునన్న చింత ఎవ్వరికిని లేదు. బెవరిడ్జి దీనిని చూచెను, లెక్కలు గట్టెను. నిరుద్యోగము సోమరితనమువలన పుట్టునది గాదనియు, పరిశ్రమల నిర్మాణముననే యున్న లోపమనియు ఆతడు తీర్మానించెను. 1909లో ప్రకటించిన తన మొదటి మహాగ్రంథమునకు ఆతడు పెట్టిన పేరే నిరుద్యోగము పరిశ్రమకు సంబంధించిన సమస్య యని చాటుచున్నది.

ఆతని బుద్ధి అప్పటికే పరిపక్వమైనదని చెప్పుట చరిత్రకు ద్రోహము. ఏ పనికిని నిలువలేనివారికి తిండి పెట్టవచ్చును గాని, వోటు మొదలగు పౌరహక్కులను, సంతానము గను హక్కును సైతము తీసివేయవలయునని 1906 ప్రాంతమున ఆతడు వ్రాసెను. లెక్కలయందు నేర్పరియైనవాడు మనుష్యుని గూడ నొక యంకెగా చూచు ప్రమాదమునకు ఇది దృష్టాంతము.

1907లో ఆతడు జర్మనీకి పోయి, పని కోరువారిని, పనివారిని కోరువారిని ఒక్కచోట కలుపు కార్యాలయములను పరిశీలించెను. మరుసటి యేట వర్తకశాఖామంత్రి విన్‌స్టన్ చర్చిలు ఆతనిని తన శాఖలోనికి తీసికొనెను. 1909లో శాసనమై, 1910 ఫిబ్రవరి 1వ తేదీన లేబరు ఎక్స్ఛేంజీలు తెరువబడినవి. పిమ్మట 1911లో జాతీయ బీమా చట్టము వచ్చినది. బిస్మార్కు కాలమున జర్మనీలో వ్యాధికి, ప్రమాదమునకు, వార్ధక్యమునకు బీమా ఏర్పడినది గాని నిరుద్యోగమునకు లేదు. దేశమంతటికిని వర్తించు నిర్బంధ నిరుద్యోగ బీమాను మొట్టమొదట నెలకొల్పినది ఇంగ్లండు. గృహనిర్మాణము, నౌకానిర్మాణము, యంత్రనిర్మాణము మొదలగు పరిశ్రమలలోని సుమారు 22 లక్షల 50 వేల మంది కార్మికులకు అది వర్తించెను. వారమునకు కార్మికుడు రెండున్నర పెన్నీలు, యజమాని రెండున్నర పెన్నీలు చెల్లింపవలయును. ఆ రెంటి మొత్తములో మూడవవంతును సర్కారు చేర్చును. పని పోయినవానికి వారమునకు 7 షిల్లింగుల చొప్పున, సంవత్సరమునకు 15 వారములకు మించకుండ భృతి లభించును.

ఏడు షిల్లింగులు స్వల్పమే. కాని దానిలోని ధర్మము స్వల్పము గాదు. పనిశాలలో పెట్టిన తిండి భిక్ష. ఈ యేడు షిల్లింగులు హక్కు. కార్మికుడు పని గల దినములందు చెల్లించినదానినే పని లేని దినములందు పొందుచున్నాడు. యజమానియు చెల్లించుచున్నాడు, ఏలన, కూలీలదండు నిలిచియుండుటవలన లాభము పొందువా డాతడే.

ఈ యేర్పాటునకు త్వరలోనే పరీక్ష వచ్చినది. 1920లో బీమా ఒక కోటికి మించిన కార్మికులకు విస్తరింపబడెను. వెంటనే వర్తకమాంద్యము. 1933 ఆరంభమున బ్రిటనులో నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలను సమీపించెను. నెలల కొలది, ఏండ్ల కొలది పని లేనివారికి కొద్ది వారముల బీమా ఏమి చాలును? నిధి అప్పులపాలయ్యెను. భృతిలో నూటికి పది వంతులు తగ్గింపవలయునా యను వివాదమువలన 1931లో లేబరు మంత్రివర్గము కూలినది. గడువు మీరినవారి కుటుంబాదాయమును పరిశీలించు పద్ధతి వచ్చినది. కుమారుడో కుమార్తెయో సంపాదించు కాసుల లెక్కగట్టి తండ్రి భృతిని కోసెడివారు. వెనుకటి యవమానమే వేరొక ద్వారమున ప్రవేశించినది.

ఇతర దేశముల యనుభవమును ఇట్టిదే. జర్మనీ 1927లో నిరుద్యోగ బీమాను శాసించెను. మూడేండ్లు గడువకమునుపే, ఆ నిధికి చెల్లింపవలసిన చందాను గూర్చిన కలహమువలన 1930 మార్చిలో మంత్రివర్గము పతనమయ్యెను. 1932 నాటికి అచ్చటి నిరుద్యోగులు 60 లక్షలకు మించిరి. మరుసటి యేట హిట్లరు అధికారమునకు వచ్చెను. అమెరికా 1935వ సంవత్సరమువరకు మేలుకొనలేదు. ఆ యేటి సాంఘిక భద్రతా చట్టమువలన ఒక్కొక్క రాష్ట్రము తన తన నిధి నేర్పరచుకొనెను. యజమానులు చెల్లించు పన్నే దానికి ముఖ్యాధారము. మూడు దేశములు చెప్పు పాఠ మొక్కటే: బీమా యనునది జడివానకు గొడుగు వంటిది, వరదకు గొడుగు పనికిరాదు.

ఈ పాఠమును బెవరిడ్జియు ఆలస్యముగనే నేర్చెను. 1919 మొదలు 1937 వరకు లండను అర్థశాస్త్ర విద్యాలయమున కధ్యక్షుడై దానికి ప్రఖ్యాతి తెచ్చెను. జర్మనీనుండి తరుమబడిన పండితులకు ఆశ్రయము కల్పించుటలో ముందు నిలిచెను. కాని మాంద్యకాలమున ఆతడు బీమా కట్టుబాట్లు సడలుచున్నవని విమర్శించినవారిలో నొకడు. యుద్ధమే ఆతని దృష్టిని మార్చినది. శాంతికాలమున పని లేదని త్రోసివేయబడినవారందరికిని యుద్ధకాలమున పని దొరకినది. చంపుటకు పని కల్పింపగల రాజ్యము బ్రదికించుటకు ఏల కల్పింపలేదు?

1941లో సాంఘిక బీమా వ్యవస్థను పరిశీలించు సంఘమునకు ఆతనిని అధ్యక్షునిగా నియమించిరి. యుద్ధకాల కార్మికబలమును తానే నడపవలయునని ఆతడు కోరియుండెను. గిట్టనివాని నొక మూలకు నెట్టుటకే ఈ నియామకమని తలచి కన్నీరు పెట్టుకొనెనందురు. ఆ మూలనుండియే యుగమును మార్చిన నివేదిక వెలువడినది. 1942 డిసెంబరు 1వ తేదీన ప్రకటింపబడిన ఆ నివేదికను కొనుటకు జనులు బారులు తీరిరి. సంగ్రహప్రతులతో కూడ ఆరు లక్షలకు పైగా అమ్ముడుపోయినవి. మన శాస్త్రములు మనుష్యుని అంతశ్శత్రువుల నారింటిని పేర్కొన్నవి. బెవరిడ్జి సంఘము యొక్క శత్రువుల నైదింటిని పేర్కొనెను. అవి లేమి, వ్యాధి, అజ్ఞానము, మాలిన్యము, పనిలేమి. పని లేని దంపతులకు వారమునకు 40 షిల్లింగులు, గడువుతో నిమిత్తము లేకుండ ఈయవలయుననియు, చాలకాలము పని దొరకనివాడు క్రొత్త వృత్తి నేర్చుకొనుటకు సమ్మతింపవలయుననియు ఆతని సూచన.

ఈ సౌధమంతయు మూడాధారములపై నిలిచినది: బిడ్డలకు భత్యము, ఎల్లవారికి వైద్యము, సామూహిక నిరుద్యోగము రాకుండ కాపాడుట. మూడవది లేనిదే తక్కినవి నిలువవని ఆత డెరుగును. కావుననే 1944లో మరియొక గ్రంథమున, నిరుద్యోగము నూటికి మూడు వంతులకు మించరాదనియు, పని కోరువారికంటె పనులే ఎక్కువగా నుండునట్లు చూచుట రాజ్యము యొక్క విధి యనియు వాదించెను. ఆ యేటనే పార్లమెంటు సభ్యుడయ్యెను. మరుసటి యేటి యెన్నికలలో ఓడిపోయెను. ఆతని నివేదికను ఆధారము చేసికొని 1946లో శాసనమును నిర్మించినది ఆతని లిబరలు పక్షము గాదు, లేబరు పక్షము. అది 1948 జూలై 5వ తేదీన అమలులోనికి వచ్చినది. అందును నిరుద్యోగ భృతికి గడువు పెట్టిరి. ఆతడు కోరినది పూర్తిగా నెరవేరలేదు. 1946లో ప్రభుపదవి నందిన బెవరిడ్జి 1963 మార్చి 16వ తేదీన ఆక్స్‌ఫర్డులో కన్నుమూసెను.

ఇచ్చట మనకు స్మరణకు రాదగిన విషయ మొకటి కలదు. బెవరిడ్జి నివేదిక వెలువడిన మరుసటి సంవత్సరముననే, ఆతడు పుట్టిన వంగదేశమున క్షామము వచ్చినది. అంచనాలనుబట్టి ఇరువది ముప్పది లక్షల ప్రాణములు పోయినవి. ముందుగా పోయినవారు భూమి లేని కూలీలు, జాలరులు, చేతిపనులవారు; బియ్యపు ధర పెరిగినప్పుడు కూలిడబ్బులతో కొనజాలనివారు. ఇంగ్లండులో పుట్టుక మొదలు మరణమువరకు రక్షణ మాలోచించిన సామ్రాజ్యము వంగదేశమున ఒక్క వర్షాకాలమునకు గంజి చూపలేకపోయినది. స్వరాజ్యమేల యని యడుగువారికి ఇంతకంటె వేరు సమాధాన మక్కరలేదు.

కాని స్వరాజ్యము వచ్చినంతమాత్రమున బాధ్యత తీరదు. ఇంగ్లండులో సైతము పొలములలో పనిచేయు కూలీలు 1936 వరకు నిరుద్యోగ బీమాకు వెలుపలనే యుండిరి. మన దేశమున 1948 నాటి కార్మిక రాజ్య బీమా చట్టము కర్మాగారములవారికి వైద్యమును, వ్యాధికాల భృతిని చూపినది. పల్లెకూలి మరల వెలుపలనే. నిరుద్యోగులకు సహాయము చేయుట రాజ్యము యొక్క కర్తవ్యమని రాజ్యాంగము 41వ అధికరణమున పలికినను, 2005 వరకు గ్రామీణులకు దేశవ్యాప్తమైన హక్కు ఏర్పడలేదు. ఆ యేటి యుపాధిహామీ చట్టము గ్రామమున నొక్కొక్క కుటుంబమునకు సంవత్సరమునకు నూరు దినముల పనికి పూచీ పడినది. అడిగిన పదునైదు దినములలో పని చూపనిచో భృతి చెల్లింపవలయునని విధించినది. 2006 ఫిబ్రవరి 2వ తేదీన ఆ పథకము ప్రారంభమైనది మన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో. ముందు పని, పని లేనప్పుడే భృతి యను ఆ క్రమము బెవరిడ్జి తన చివరిదశలో చేరుకొన్న నిర్ణయమునకు సన్నిహితమైనదే.

భూవసతి గల మన పాఠకులొక్కమారు లండను రేవు ద్వారమును తలచుకొందురు గాక. నాట్ల వేళ, కోతల వేళ ఊరిలోని ప్రతి చేయియు మనకు కావలయును. ఒకదినము కూలి రాకపోయినచో కోపము వచ్చును. కుప్పలు నూర్చి గాదెలు నిండిన పిమ్మట, చైత్ర వైశాఖములలో ఆ చేతులు ఏమి చేయుచున్నవో, ఆ పొయ్యి వెలుగుచున్నదో లేదో మనము విచారించుచున్నామా? మనకొరకు సిద్ధముగా నిలిచియుండు దండును పని లేని దినములందు కాపాడు వ్యయములో మనకు భాగము లేదా? భాగము కలదని లండను రేవులలో లెక్కలు గట్టి నిరూపించినవాడు బెవరిడ్జి. ఉపాధి పథకమువలన కూలిరేట్లు పెరిగినవని సణుగుకొనుటకు ముందు మనమును ఆ లెక్క నొక్కసారి గట్టి చూచుట ధర్మము.