ఇమాం గజాలీ ఎంచుకున్న బాట

సుఖం వద్దనే మనిషి లేడు. కూలి చేసుకునేవాడూ కోరతాడు, కోటీశ్వరుడూ కోరతాడు. మంచి ఉద్యోగం వస్తేనో, పెద్ద ఇల్లు కడితేనో, నలుగురూ లేచి నిలబడి సలాం చేస్తేనో ఆ సుఖం దొరుకుతుందని మనం అనుకుంటాం. ఇవన్నీ దొరికిన తర్వాత కూడా మనశ్శాంతి దొరకని ఒక మహానుభావుని జీవితాన్ని ఈ సంచికలో పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఆయనే హుజ్జతుల్ ఇస్లాం ఇమాం అబూ హామిద్ ముహమ్మద్ గజాలీ, రహ్మతుల్లా అలైహి.

గజాలీ గారు క్రీ.శ. 1058లో ఖురాసాన్ ప్రాంతంలోని తూస్‌లో జన్మించారు. ఈ తూస్ నేటి ఇరాన్‌లో మష్హద్ నగరానికి దగ్గరలో ఉంది. తండ్రి పేదవాడు, కానీ పండితులంటే ఆయనకు ప్రాణం. చనిపోయే ముందు కొడుకులిద్దరినీ, అంటే అబూ హామిద్‌నూ తమ్ముడు అహ్మద్‌నూ, ఒక సూఫీ మిత్రుడికి అప్పగించి, ఉన్న కాస్త డబ్బూ వీళ్ల చదువుకే ఖర్చు పెట్టమన్నారని చరిత్రకారులు రాశారు. ఆ డబ్బు కొన్నాళ్లకే అయిపోయింది. ఆ మిత్రుడూ లేనివాడే. చేసేది లేక పిల్లల్ని మదర్సాలో చేరమన్నాడు. అక్కడైతే చదువుతోపాటు తిండీ దొరుకుతుంది గదా! తండ్రి లేని పిల్లలు, హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

జుర్జాన్‌లో చదువు ముగించుకుని వస్తుండగా దారిలో దొంగలు పడి గజాలీ గారి పుస్తకాల మూట లాక్కున్నారట. అందులోనే తన విద్య అంతా ఉంది, తిరిగి ఇచ్చెయ్యమని ఆయన బతిమాలారు. కాగితాలు పోతే పోయేది విద్య ఎలా అవుతుందని దొంగల నాయకుడు నవ్వి, మూట ఇచ్చేశాడట. ఆ మాట ఆయనకు గట్టిగా తగిలింది. ఊరికి వచ్చి మూడేళ్లు కూర్చుని రాసుకున్నదంతా కంఠస్థం చేశారు. తర్వాత నైషాపూర్ వెళ్లి ఇమాముల్ హరమైన్ జువైనీ గారి దగ్గర శిష్యరికం చేశారు. 1085లో గురువుగారు కాలం చేశాక, సెల్జూక్ సుల్తాన్ మాలిక్ షా వజీరు నిజాముల్ ముల్క్ ఆస్థానంలో చేరారు. 1091లో ఆ వజీరే ఆయనను బాగ్దాద్ నిజామియా మదర్సాకు ఆచార్యునిగా పంపాడు. అప్పటికి ఆయన వయసు 33 ఏళ్లు.

ఆ కాలంలో ఒక పండితునికి అంతకు మించిన పదవి లేదనే చెప్పాలి. ఆయన ముందు 300 మంది విద్యార్థులు కూర్చునేవారు. ఖలీఫా దర్బారులో గౌరవం ఉండేది. వాదంలో ఆయనను గెలిచినవారు లేరు. 1092లో నిజాముల్ ముల్క్ హత్యకు గురయ్యాడు, అదే ఏడు సుల్తానూ మరణించాడు. రాజ్యం అల్లకల్లోలమైంది గానీ గజాలీ గారి పేరు మాత్రం పెరుగుతూనే పోయింది.

అయినా లోపల ఏదో వెలితి. తాను పాఠం చెబుతున్నది అల్లాహ్ కోసమా, లేక పేరు కోసమా అని తనను తాను ప్రశ్నించుకున్నారు. పేరు కోసమే అని మనసు జవాబు చెప్పింది. 1095లో సుమారు ఆరు నెలలు నలిగిపోయారు. పొద్దున అన్నీ వదిలి వెళ్లిపోదామనుకుంటారు, సాయంత్రానికి ఆ పట్టుదల సడలిపోతుంది. చివరికి ఒకరోజు పాఠం చెప్పబోతే నోట మాట రాలేదు. అన్నం, నీళ్లు కూడా దిగలేదు. వైద్యులు చూసి, ఇది మనసులో పుట్టిన జబ్బు, మా మందులకు లొంగదు అని చేతులెత్తేశారు.

అప్పుడు ఆయన అల్లాహ్‌ను వేడుకుని నిర్ణయం తీసుకున్నారు. పిల్లల పోషణకు సరిపడా ఉంచి, మిగతా సొత్తు పంచిపెట్టారు. ఇక్కడొక మాట చెప్పాలి. ఆయన ఇల్లాలినీ పిల్లల్నీ గాలికి వదిలేసి పోలేదు. మక్కా వెళుతున్నానని చెప్పి బయలుదేరి డెమాస్కస్ చేరారు. అక్కడి పెద్ద మసీదు మీనారు ఎక్కి, తలుపు వేసుకుని, రోజంతా జిక్ర్‌లో గడిపేవారు. ఒకనాడు ఒక మదర్సాలో ఆచార్యుడెవరో గజాలీ పేరు చెప్పి పాఠం చెబుతుండగా విన్నారట. మళ్లీ గర్వం తలెత్తుతుందేమోనని ఆ ఊరే విడిచిపెట్టారట. బైతుల్ ముఖద్దస్ దర్శించి, హెబ్రోన్‌లో హజ్రత్ ఇబ్రాహీం అలైహిస్సలాం సమాధి దగ్గర 1096లో మూడు ప్రతిజ్ఞలు చేశారు. పాలకుల దర్బారుకు వెళ్లను, వాళ్ల సొమ్ము ముట్టను, గెలుపు కోసం వాదాలు చేయను అని. ఆ తర్వాత హజ్ చేశారు. పిల్లల పిలుపు మనసును లాగగా చివరికి ఇల్లు చేరారు.

ఆ ఏళ్లలో రాసిందే 40 గ్రంథాల ఇహ్యా ఉలూమిద్దీన్. అందులో నమాజు, రోజా గురించే కాదు. భోజనం, పెళ్లి, సంపాదన గురించి కూడా ఉంది. దాని సారాన్ని మామూలు జనం కోసం ఫార్సీలో కీమియాయె సఆదత్ అనే పేరుతో రాశారు. సుఖమనే రసవాదం అన్నమాట. రసవాది రాగిని బంగారం చేస్తానంటాడు. గజాలీ గారు మనసును మార్చే విద్య నేర్పారు. ముందు నిన్ను నువ్వు తెలుసుకో, ఆపైన అల్లాహ్‌ను, ఈ లోకాన్ని, పరలోకాన్ని తెలుసుకో అనేదే అందులోని తొలి పాఠం.

ఇక అసలు విశేషం చూడండి. 1106లో నిజాముల్ ముల్క్ కొడుకు ఫఖ్రుల్ ముల్క్ ఒత్తిడి మీద గజాలీ గారు నైషాపూర్ నిజామియాలో మళ్లీ పాఠం చెప్పడానికి ఒప్పుకున్నారు. వదిలిన పనికే తిరిగి వచ్చారు గదా అని కొందరు అనుకోవచ్చు. పని పాతదే. ఒకప్పుడు పదవి తెచ్చిపెట్టే విద్య చెప్పానని, ఇప్పుడు పదవీ వ్యామోహాన్ని వదిలించే విద్య చెబుతున్నానని ఆయనే వివరించారు. మారింది నియ్యత్. కొంతకాలం తర్వాత తూస్ వచ్చి, ఇంటి పక్కనే మదర్సా, ఖాన్‌ఖా నడిపారు. 1111 డిసెంబరు 18న, తెల్లవారి వజూ చేసి నమాజు చదువుకుని, కఫన్ తెప్పించి ముద్దుపెట్టుకుని, ఖిబ్లా వైపు తిరిగి పడుకుని కన్నుమూశారని తమ్ముడు అహ్మద్ చెప్పారు.

మనం ఉద్యోగాలు మానుకోనక్కరలేదు, మీనారు ఎక్కనక్కరలేదు. దుకాణంలో తక్కెడ పట్టుకున్నా, బడిలో పాఠం చెప్పినా, ఇంట్లో వంట చేసినా, ఇది ఎవరి కోసం చేస్తున్నాము అని ఒక్కసారి అడుగుకుంటే చాలు. సంఘసేవ చేసే మనకు ఈ ప్రశ్న మరీ అవసరం. పేదపిల్ల పెళ్లికి సాయం చేసి, వేదిక మీద దండ పడలేదని, సావనీరులో ఫోటో చిన్నదైందని నొచ్చుకుంటే, చేసిన మేలులోని సంతోషం మనకే దక్కకుండా పోతుంది. ఆ పిల్ల ఇంట్లో పొయ్యి వెలిగితే చాలుననుకున్నవాడు ఆ రాత్రి హాయిగా నిద్రపోతాడు. ఈ రెండింటిలో ఏది ఎంచుకోవాలో మన చేతిలోనే ఉంది.

మన నియ్యత్‌ను శుద్ధి చేసే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.