ప్రథమ స్త్రీ చరిత్రకారిణి భండారు అచ్చమాంబ

1902వ సంవత్సరము నవంబరు మాసపు హిందూసుందరి పత్రికలో ధనత్రయోదశి యను చిన్నకథ యొకటి అచ్చయినది. పండుగనాటికి చేతిలో చిల్లిగవ్వ లేని పేదయింటి యిల్లాలు, భర్త తప్పుదారిని తెచ్చిన సొమ్మును ముట్టక మరల ఇచ్చివేయించుట అందలి ఇతివృత్తము. ఆ సంచికను ఆనాటి స్త్రీలు చదివిరి, పదిమందికి చదివి వినిపించిరి, పిమ్మట అటకపైకి చేర్చిరి. పత్రికల బ్రదుకే అంత. పుస్తకమునకున్న అట్ట దానికి ఉండదు. చెదలకు మొదటి కబళము అదియే.

అందుచేత మన సాహిత్య చరిత్రలు చాలకాలము 1910లో బందరు ఆంధ్రభారతిలో వెలువడిన గురజాడవారి దిద్దుబాటును తొలి తెలుగు కథగా పేర్కొనుచు వచ్చినవి. పాత సంపుటములను దుమ్ము దులిపి తెరచిన పరిశోధకులు ఆ పాతకథను వెలికి తెచ్చిన పిదప చర్చ బయలుదేరినది. వాడుకభాషను బట్టియు, శిల్పమును బట్టియు దిద్దుబాటు స్థానము దానిదే. దానిని కాదనవలసిన పని లేదు. కాని కాలక్రమమును చెప్పునపుడు ఎనిమిదేండ్లు ముందున్న రచనను విడిచిపెట్టుట న్యాయము కాదు. ఆ రచయిత్రియే భండారు అచ్చమాంబ.

ఆమె 1874లో మునియేటి తీరమున, నందిగామకు చేరువనున్న పెనుగంచిప్రోలులో కొమర్రాజువారి యింట జన్మించెను. తండ్రి వెంకటప్పయ్యగారు ఆమె పసితనముననే గతించిరి. విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పునాది వేసిన కొమర్రాజు వేంకటలక్ష్మణరావుగారు ఆమెకు తమ్ముడు, మూడేండ్లు చిన్న. బాల్యముననే ఆమెకు భండారు మాధవరావుగారితో వివాహమయ్యెను. ఆయన మధ్యపరగణాలలో ఇంజనీరు ఉద్యోగి. తెలుగు మాట వినబడని ఊళ్లలో ఆమె కాపురము సాగినది.

బడికి పోయి చదివినది లేదు. తమ్ముడు అక్కయింట నుండి నాగపురమున చదువుకొనుచుండగా, అతని పుస్తకములు ఆమెకును పుస్తకములైనవి. తెలుగును హిందీని అట్లు పట్టుబడినవి. పిమ్మట మరాఠీ వచ్చినది. బెంగాలీ, గుజరాతీ, సంస్కృతములందును ఆమె పరిచయము సంపాదించెను. తమ్ముడు అక్కకు గురువగుటయు, ఆ తమ్ముడే తరువాత తెలుగువారికందరకు గురువగుటయు తలచినపుడు, ఆ యింటి వసారా ఎంతటి పాఠశాలయో ఊహింపవచ్చును. ఎవరు ఎవరికి ఎక్కువ నేర్పిరో చెప్పుట కష్టము.

కలిగిన కొమారుడును కొమార్తెయు చిన్నతనముననే మరణించిరి. ఈ దుఃఖమును గూర్చి విశేషణములు పేర్చుట నాకు ఇష్టము లేదు. ఆమె పరుల బిడ్డలను చేరదీసి యింట నుంచుకొని చదివించెను. తన చదువును మానలేదు. అబలా సచ్చరిత్ర రత్నమాల ఈ దుఃఖకాలపు కృషియే.

ఆ గ్రంథము మొదటి భాగము 1901లో ప్రకటితమైనది. మూడు భాగములుగా వ్రాయవలెనని ఆమె సంకల్పము: చారిత్రక కాలమున ఈ దేశమున వెలసిన స్త్రీలు, వేదపురాణములలోని స్త్రీలు, పరదేశపు స్త్రీలు. స్త్రీలు పుట్టుకతోనే బుద్ధిహీనలనియు, చదువు చెప్పించినచో చెడిపోవుదురనియు ఆనాడు పెద్దలనిపించుకొన్నవారు వాదించుచుండిరి. ఆమె వారితో తర్కమునకు దిగుటకంటె, వేయేండ్లలోని రాణులను, విదుషీమణులను ఒకరి వెంట నొకరిని సాక్ష్యమునకు నిలిపెను. ఇందుకు వలసిన సామగ్రి ఆనాటి తెలుగు పుస్తకములలో చాలినంత లేదు. కనుక మరాఠీ, హిందీ మొదలగు భాషల గ్రంథములను వెదకి, చదివి, అందుండి ఏరి ప్రోవు చేయవలసివచ్చెను. తెలుగున స్త్రీల చరిత్రను స్త్రీయే సేకరించి వ్రాయుట ఆమెతోనే మొదలని చెప్పుట సాహసము కాదు. చరిత్రకును ఐతిహ్యమునకును మధ్య నేటి పరిశోధకులు గీయునంతటి గీతను ఆమె అన్నిచోట్ల గీయలేదు, ఇది లోపమే. అయినను ఆ కాలమున మగవారు వ్రాసిన చరిత్రలలో మాత్రము ఆ గీత ఎంత స్పష్టముగా నున్నది?

ఇచ్చట విద్యార్థులకు ఒక మాట చెప్పవలెను. తొలి ముద్రణ ప్రతి కొరకు కొందరు ఎందుకంత తపన పడుదురు? పాతది గనుక కాదు. ముద్దుపళని రాధికాసాంత్వనము 1887లో అచ్చయినపుడు కవయిత్రి తన్ను గూర్చియు తన వంశమును గూర్చియు చెప్పుకొన్న పీఠిక లోపించినది, పద్యములును కొన్ని పోయినవి. బెంగుళూరు నాగరత్నమ్మ వ్రాతప్రతిని సంపాదించి 1910లో పూర్తిపాఠమును అచ్చువేయించెను. ప్రభుత్వము దానిని నిషేధించినది. ఆ నిషేధము ప్రకాశం పంతులుగారి మంత్రివర్గ కాలమున 1947లో గాని తొలగలేదు. ఏ ముద్రణలో ఏది ఉన్నదో, ఏది పోయినదో చూడనివారికి ఆ కవయిత్రి సగమే కనబడును. మొల్లకంటె ముందునుండి నేటివరకు స్త్రీల రచనలకు ఈ ప్రమాదము పురుషుల రచనలకంటె ఎక్కువ.

అచ్చమాంబ పుస్తకములతోనే ఆగలేదు. 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి మచిలీపట్టణమున బృందావన స్త్రీసమాజమును నెలకొల్పెను. భర్తతో ఆంధ్రదేశమున పర్యటించి, పలుచోట్ల సభలలో మాటలాడి, ఇట్టి సమాజములు ఏర్పడుటకు తోడ్పడెను. స్త్రీలు వాకిలి దాటి ఒకచోట కూర్చుండి పత్రిక చదువుకొనుటయే నాడు వింత. ఆ సమాజములే ఆమె రచనలకు పాఠకలోకము.

1905 జనవరిలో ఆమె మరణించెను. వయస్సు ముప్పదియేండ్లు. రత్నమాల సంకల్పించినంత పూర్తికాలేదు. పరదేశ స్త్రీల భాగము ఆమెతోనే పోయినది. మరుసటి యేడు, 1906లో, తమ్ముడు హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించెను.

1914లో బెజవాడ రామమోహన గ్రంథాలయమున ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినది. దానిని నడపిన అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారును, 1918లో వెలసిన వేటపాలెము సారస్వత నికేతనము వంటి సంస్థలును పత్రికల సంపుటములను కట్టించి దాచుట నేర్పిరి. నేడు రత్నమాల కంప్యూటరు తెరపైనను చదువుకొనవచ్చును. ధనత్రయోదశి, తక్కిన కథలు కొన్ని పుస్తకరూపమున వచ్చినవి. విజయవాడ లెనిను సెంటరు పాత పుస్తకముల అంగళ్లలో వెదకువారు పుస్తకముల వెన్నుల మీది పేర్లతోనే తృప్తిపడక, అట్టలూడిన పాత మాసపత్రికల కట్టలను కూడ విప్పి చూడవలెను. హిందూసుందరి సంచికలలో అచ్చమాంబ ప్రక్కన వ్రాసిన స్త్రీలు చాలమంది గలరు; వారిలో పెక్కుమంది రచనలు ఇంకను ఆ పత్రికల పుటలు దాటి రాలేదు.