యల్లాప్రగడ సుబ్బారావుగారు

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున బీద కుటుంబమందు జన్మించిరి. సంగ్రహణి వంటి స్ప్రూ వ్యాధి వారి సోదరుని బలిగొనెను. మదరాసులో వైద్యవిద్య ముగించి, పైచదువునకై అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పోగోరిరి. కాని చేత ధనము లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సాయమునకు మాట యిచ్చెను. మామగారు కొంత ధనమును సమకూర్చిరి. 1922లో బోస్టను నగరము చేరిరి.

ఆ ద్రవ్యము దారి చూపెనేగాని కడవరకు చాలదయ్యెను. రాత్రులు ఆసుపత్రిలో సేవకుని పని చేయుచు చదువు సాగించిరి. 1925లో ఫిస్కే పండితునితో గూడి రక్తమందలి భాస్వరమును కొలుచు విధానమును ప్రకటించిరి. 1930లో డాక్టరేటు పొందిరి. పిదప లెడర్లీ పరిశోధనశాలలో వారి నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము తయారయ్యెను. సోదరుని హరించిన స్ప్రూ వ్యాధికే అది ఔషధమయ్యెను. 1948లో వారు దివంగతులైరి.

నేడు ఓరుగల్లు పల్లెలలో గర్భవతుల కిచ్చు ఇనుప ధాతువు మాత్రలో ఆ ఫోలిక్ ఆమ్లమే గలదు. కాకినాడలో ధర్మము నెలకొల్పిన దాత ఈ మాత్రను ఎన్నడును చూచి యెరుగరు. పేద విద్యార్థి కిచ్చిన రూకల ఫలమును ఏ జమాఖర్చు చిట్టాయు లెక్కగట్టజాలదు.